మట్టి గొప్పదే, కాని కడుపులోకి కాదు



పోయిన ఎండాకాలంలో ఒక తెల్లవారుజామున ఒక నాయనమ్మ మూడేళ్ళ మనవడిని భుజాన వేసుకొని మా పిల్లల వార్డుకు వచ్చింది. రెండు రోజుల క్రితం రాత్రి వాళ్ళ బంధువుల ఇంట్లో ఫంక్షన్ జరిగింది. మిగిలిన బిర్యానీ గిన్నెలోనే ఉండిపోయింది. మరునాడు పొద్దున అదే పిల్లవాడికి పెట్టారు. మధ్యాహ్నానికి వాంతులు, సాయంత్రానికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. మా దగ్గరకు వచ్చేసరికి పిల్లవాడి కళ్ళు లోపలికి పోయాయి, నాలుక ఎండిపోయింది, పొట్టమీది చర్మం లాగి వదిలితే మెల్లగా గాని వెనక్కి పోవడం లేదు. ఏడుస్తున్నాడు గాని కన్నీళ్ళు రావడం లేదు.

"ఏమి ఇచ్చారమ్మా ఇంట్లో?" అని అడిగాము. నాయనమ్మ కొంచెం తటపటాయించి, "ముల్తానీ మట్టి నీళ్ళలో కలిపి మూడు సార్లు పట్టించాను సిస్టరమ్మా" అంది. ఎవరో పక్కింటివాళ్ళు ఫోనులో చూపించారట. మట్టి ఫుడ్ పాయిజనింగ్ క్రిములను చంపుతుందని అమెరికా శాస్త్రవేత్తలు కనిపెట్టారని అందులో ఉందట. మామూలు నీళ్ళు తాగిస్తే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయని భయపడి, ఆ మట్టి నీళ్ళు తప్ప మరేమీ తాగించలేదు.

అప్పుడు మేము చేసిన పని మీతో దాచకుండా చెబుతున్నాము. సెలైన్ పెట్టే తొందరలో, రాత్రి డ్యూటీ అలసటలో, ఆ పెద్దామెను వార్డులో అందరి ముందూ కోప్పడ్డాము. "పసివాడికి మట్టి తాగిస్తారా?" అన్నాము. ఆమె తల వంచుకుంది. దేవుని కృప వల్ల పిల్లవాడు కోలుకున్నాడు. మూడో రోజున ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమె మా టేబుల్ దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగింది: "అయితే అదంతా అబద్ధమా సిస్టరమ్మా? ప్రభువు కూడా గుడ్డివాడి కళ్ళకు మట్టే కదా పూశాడు?"

ఆమెకు ఆ వేళ సరైన జవాబు ఇవ్వలేకపోయాము. "ఇంకెప్పుడూ ఇవ్వకండి" అని మాత్రం చెప్పి పంపించాము. ఆ జవాబు బాకీ ఉండిపోయింది. ఈ సంచికలో ఆ బాకీ తీర్చుకుందామని ఇది రాస్తున్నాము.

అది అబద్ధం కాదు

ముందుగా ఆ నాయనమ్మకు చెప్పవలసిన మాట ఇది: అమ్మా, మీరు విన్నది అబద్ధం కాదు. కొన్ని రకాల మట్టికి సూక్ష్మజీవులను చంపే శక్తి ఉన్న మాట నిజం.

ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ దేశంలో బురులి పుండు అనే జబ్బు ఉంది. కుష్ఠు, క్షయ క్రిములకు దగ్గర బంధువైన ఒక సూక్ష్మజీవి వల్ల అది వస్తుంది. చర్మాన్ని, దాని కింది కొవ్వును తినేస్తూ పోతుంది. లీన్ బ్రూనే ద కూర్సూ అనే ఫ్రెంచి మహిళ అక్కడి రోగుల పుండ్లకు ఫ్రాన్సు నుంచి తెప్పించిన ఆకుపచ్చ బంకమన్ను రోజూ పట్టు వేసి, కడిగి, మళ్ళీ వేసి సేవ చేసింది. ఎన్నో పుండ్లు మానాయి. ఆ వివరాలను 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు పెట్టింది.

ఆ మట్టిలో ఏముందో చూద్దామని అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఇద్దరు పూనుకున్నారు. ఒకరు మట్టిని, రాళ్ళను చదివిన లిండా విలియమ్స్. మరొకరు సూక్ష్మజీవులను చదివిన షెల్లీ హేడెల్. వారు 2008లో ప్రకటించిన ఫలితాలు చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. ఇనుము ఎక్కువగా ఉన్న ఒక ఫ్రెంచి మట్టి పరీక్షనాళికలో ఇ.కోలి క్రిమిని చంపింది. ఫుడ్ పాయిజనింగ్ తెచ్చే సాల్మొనెల్లాను కూడా చంపింది. మామూలు యాంటీబయాటిక్ మందులకు లొంగని మొండి ఇ.కోలిని సైతం చంపింది.

ఆ మట్టిని 550 డిగ్రీల వేడిలో కాల్చినా దాని శక్తి పోలేదు. అంటే మట్టిలో దాగి ఉన్న ఏ బూజో, మరే జీవమో చేసిన పని కాదది. మట్టిలోని ఖనిజమే ఆ పని చేస్తోంది. తరువాతి సంవత్సరాల్లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో దొరికే నీలి మట్టిమీద పరిశోధించి, అది ఎలా చంపుతుందో కొంతవరకు తెలుసుకున్నారు. మట్టి తడిసినప్పుడు అందులోనుంచి ఇనుము, అల్యూమినియం లోహాల అణువులు నీళ్ళలోకి దిగుతాయి. అల్యూమినియం సూక్ష్మజీవి పైపొరను దెబ్బ తీస్తుంది. ఇనుము లోపలికి చొరబడి, ఆ జీవి బతకడానికి కావలసిన భాగాలను పాడుచేస్తుంది. కెనడాలో హైల్ట్‌సుక్ అనే ఆదివాసులు తరతరాలుగా మందుగా వాడుకుంటున్న కిసమీట్ మట్టి కూడా ఆసుపత్రుల్లో పట్టుకునే మొండి క్రిములను చంపుతుందని అక్కడి బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీవారు 2016లో తెలిపారు.

ఇవన్నీ చదివినప్పుడు మాకూ సంతోషం కలిగింది. యాంటీబయాటిక్ మందులు ఒక్కొక్కటిగా పని చేయకుండా పోతుంటే వార్డులో నిలబడి చూసేవాళ్ళము మేము. కాలికింద తొక్కే మట్టిలో దేవుడు ఇంత పని దాచి ఉంచాడంటే దాన్ని వెదికేవారికి మేలు కలగాలనే కోరుకుంటాము. ఎప్పుడో ఒకప్పుడు ఈ పరిశోధనలనుంచి మంచి పుండ్ల మందు రావచ్చు.

మరి మనవడికి ఎందుకు పట్టించకూడదు?

మొదటి సంగతి. ఆ అరిజోనావారు పరీక్షించిన ఫ్రెంచి మట్టి ఒకటి కాదు, రెండు. రెండూ ఆకుపచ్చగానే ఉంటాయి. రెండింటిలోని ఖనిజాలు కూడా ఇంచుమించు ఒకే రకం. వాటిలో ఒకటి క్రిములను చంపింది. రెండోది చంపలేదు సరికదా, కొన్ని క్రిములు దానిలో ఇంకా బాగా పెరిగాయి! ఒరెగాన్ గనిలో కూడా అంతే. లోపలి పొరల్లో గాలి తగలకుండా ఉన్న నీలి మట్టి క్రిములను చంపింది. గాలి తగిలి తుప్పు రంగు తేలిన ఎర్రమట్టికి ఆ శక్తి లేదు. ఒకే గనిలో మట్టే అలా ఉంటే, కిరాణా కొట్లో ముఖానికి రాసుకోవడానికి అమ్మే ముల్తానీ మట్టి ఏ రకమో, చెరువు ఒండ్రు ఏ రకమో, పుట్టమన్ను ఏ రకమో ఎవరు చెప్పగలరు? కంటితో చూసి గాని, వాసన చూసి గాని చెప్పే మార్గం లేదు.

రెండో సంగతి. ఆ పరీక్షలు జరిగింది గాజు నాళికల్లో. క్రిములనూ మట్టినీ కలిపి 24 గంటలు అలాగే ఉంచి చూశారు. మన కడుపు గాజు నాళిక కాదు. అందులో ఆమ్లం ఉంటుంది, తిన్న అన్నం ఉంటుంది, వాంతులు విరేచనాలతో అంతా కదిలిపోతూ ఉంటుంది. ఫుడ్ పాయిజనింగ్ అయిన పిల్లలకు ఆ మట్టి తాగించి నయం చేసిన పరీక్ష కాదది. ఫోనులో వచ్చిన వార్తలో ఈ ఒక్క మాట జారిపోయింది. మిగతాదంతా నిజమే.

మూడో సంగతి. కొన్ని ఫుడ్ పాయిజనింగ్‌లలో క్రిమిని చంపినా లాభం లేదు. చీము పుండు ఉన్న చేతితో వంట చేస్తే స్టెఫైలోకాకస్ అనే క్రిమి కూరలోకి చేరుతుంది. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరుగుతుంది. ఇవి మనం తినకముందే ఆహారంలో విషాన్ని తయారు చేసి పెడతాయి. వాంతులు తెచ్చే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకే "బాగా వేడి చేసే పెట్టాము సిస్టర్" అని చెప్పే ఇళ్ళనుంచి కూడా పిల్లలు వస్తుంటారు.

నాలుగో సంగతి అన్నిటికంటె ముఖ్యమైనది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న పిల్లవాడి ప్రాణం తీసేది చాలాసార్లు క్రిమి కాదు, ఒంట్లో నీరు పోవడం. ఆ నాయనమ్మ మనవడికి మూడు సార్లు పట్టించిన మట్టి వల్ల పెద్దగా హాని జరగకపోయి ఉండవచ్చు. హాని చేసింది ఆ పగలూ ఆ రాత్రీ పట్టించకుండా వదిలేసిన నీళ్ళు. మందు ఇచ్చామనే ధైర్యంతో ఆగిన గంటలు. మా తగాదా మట్టితో కాదు, ఆ గంటలతో.

మేమూ మట్టి పట్టించినవాళ్ళమే

ఇది రాస్తూ మేము పెద్ద తెలివిగలవాళ్ళమని అనుకోవడం లేదు. మేము నర్సింగ్ శిక్షణ పొందిన రోజుల్లో విరేచనాలకు కయోలిన్ కలిసిన తెల్లని మందు సీసాలు ఉండేవి. సీసా బాగా కుదిపి చెంచాతో పట్టించేవాళ్ళము. కయోలిన్ అంటే ఏమిటి? పింగాణీ సామాను చేసే తెల్లని బంకమన్నే! వాపులకు కయోలిన్ పట్టు వేయడం కూడా మాకు నేర్పించారు. డబ్బాను వేడి నీళ్ళలో పెట్టి, గుడ్డమీద పూసి, చేతి వెనక వేడి చూసుకొని వేసేవాళ్ళము.

ఆ తెల్ల మందు ఎందుకు వెనకబడింది? అది ఇచ్చాక విరేచనం కాస్త గట్టిగా కనబడేది. తల్లి సంతోషించేది, మేమూ సంతోషించేవాళ్ళము. కాని ఒంట్లోనుంచి పోయే నీరు, ఉప్పు మాత్రం తగ్గలేదని తరువాత తేలింది. కయోలిన్ లాంటి మట్టి మందులు పిల్లల విరేచనాలకు మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కంటికి కనబడే గుణం వేరు, ఒంటికి జరిగే గుణం వేరు అని మేము నేర్చుకున్న పాఠం అది.

స్మెక్టైట్ అనే మరో మట్టి మందును ఫ్రాన్సులోనూ ఇంకా కొన్ని దేశాల్లోనూ శుద్ధి చేసి పొట్లాలుగా అమ్ముతారు. పిల్లల్లో విరేచనాలు ఒక రోజు ముందుగా తగ్గవచ్చని కొన్ని పరీక్షల్లో కనబడింది. అయితే ఆ పరీక్షలు అంత బలమైనవి కావని వాటిని సరిచూసినవారు 2018లో రాశారు. 2019లో ఫ్రాన్సు మందుల సంస్థే, భూమినుంచి తీసిన మట్టిలో సీసం జాడలు ఉండవచ్చు గనుక రెండేళ్ళలోపు పిల్లలకు వాడవద్దని చెప్పింది. ఫ్యాక్టరీలో శుద్ధి చేసి, తూకం వేసి పొట్లం కట్టిన మట్టికే అంత జాగ్రత్త అవసరమైతే, మన గట్టుమీది మట్టికి ఎంత జాగ్రత్త ఉండాలో మీరే ఆలోచించండి. పైగా మట్టి కడుపులో ఇతర మందులను తనకు అంటించుకుంటుంది. మట్టి తాగి, వెంటనే మందుబిళ్ళ వేసుకుంటే ఆ మందు ఒంటికి పట్టకపోవచ్చు.

మట్టిలో ఇంకేమి ఉంటాయి?

మేము నేర్చుకునే రోజుల్లో ధనుర్వాతం రోగులను చీకటి గదిలో, చప్పుడు లేకుండా ఉంచి చూసుకునేవాళ్ళము. తలుపు గట్టిగా వేస్తే చాలు, ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది. పుట్టిన వారానికే పాలు తాగలేక దవడలు బిగిసిపోయిన పసికందులను చూశాము. కొన్ని ఇళ్ళలో బొడ్డు కోసినచోట మట్టి, పేడ, బూడిద పెట్టేవారు. ధనుర్వాతం క్రిమి ఉండేది మట్టిలోనే. గర్భిణులకు టీకాలు వేయడంవల్ల, ఆసుపత్రి కాన్పులవల్ల, శుభ్రమైన బ్లేడువల్ల 2015లో మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది. ఆ కష్టాన్ని మళ్ళీ తెచ్చుకోవద్దు. "మట్టి పుండ్లు మాన్పుతుందట" అని విని ఎవరూ గట్టుమీది మట్టి తెచ్చి గాయాలకు పెట్టవద్దు. ఐవరీ కోస్ట్‌లో వాడింది ఏరి తెప్పించిన మట్టి. దగ్గర ఉండి రోజూ కడిగి కట్టు కట్టే మనిషి ఉన్నారు.

మట్టిలో ఏలికపాముల గుడ్లు కూడా ఉంటాయి. పిల్లలు మట్టి తింటుంటే, గర్భిణులు గోడ సుద్ద, బలపాలు తినాలని తహతహలాడుతుంటే నవ్వి ఊరుకోకండి, కొట్టకండి. రక్తం తక్కువగా ఉన్నవారిలో ఈ కోరిక ఎక్కువగా చూస్తుంటాము. తీసుకొని వస్తే రక్తపరీక్ష చేసి, ఇనుము మాత్రలు, పురుగుల మందు ఇస్తాము.

మరి మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చి మట్టితో చేతులు తోముకునే అలవాటు మాటేమిటి? మన పెద్దలు అది ఊరికే పెట్టలేదు. బంగ్లాదేశ్‌లో పరీక్షించి చూసినప్పుడు, వట్టి నీళ్ళతో కడిగినదానికంటె మట్టితోనో బూడిదతోనో రుద్ది కడిగిన చేతిమీద క్రిములు బాగా తగ్గాయి. రుద్దడంలోనే సగం మేలు ఉంది. కాని ఆ మట్టి ఏ చోటిదో, దానిమీద ఏ కోళ్ళు, ఏ పిల్లలు తిరిగారో తెలియదు. సబ్బు ముక్క ఉండగా మట్టి ఎందుకు? దొడ్డి దగ్గర ఒక సబ్బు, వంటింటి దగ్గర ఒక సబ్బు పెట్టుకోండి.

నీళ్ళ దగ్గరకు పొండి

నాయనమ్మ అడిగిన రెండో ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. ప్రభువు మట్టి పూసిన మాట నిజం. కాని ఆ వేళ బాగు చేసింది మట్టి కాదు, ఆయన చెయ్యి. పైగా అది పూసినదే గాని తాగించినది కాదు. పూసి, వెళ్ళి కోనేట్లో కడుక్కొమ్మని పంపాడు. మేము కూడా మిమ్మల్ని నీళ్ళ దగ్గరకే పంపుతున్నాము.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు లక్షలమంది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బనగావ్ శిబిరంలో కలరా అంటుకుంది. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు తూకం వేసి పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో నింపించి, రోగుల తల్లులకూ అన్నదమ్ములకూ లోటాలిచ్చి పట్టించమన్నారు. అంతకుముందు నూటికి 30 మంది వరకు చనిపోతుండగా, ఆ నీళ్ళు తాగినవారిలో చావులు నూటికి నలుగురి లోపుకు తగ్గాయి. అక్కడ ప్రాణాలు కాపాడింది ఎక్కువభాగం నర్సులు కూడా కాదు, ఇంటివాళ్ళే. ఆయన 2022లో కన్నుమూశారు. 2023లో దేశం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

అది పని చేసే తీరు చాలా తేలిక. పేగుకు జబ్బు చేసినా ఉప్పునూ చక్కెరనూ కలిపి పీల్చుకునే దారి మూసుకుపోదు. అవి లోపలికి పోతుంటే నీరు వాటి వెంట పోతుంది. అందుకే వట్టి నీళ్ళకంటె ఓ.ఆర్.ఎస్. నీళ్ళు మేలు. ఇలా చేయండి:

- ఓ.ఆర్.ఎస్. పొట్లంమీద ఎన్ని నీళ్ళలో కలపాలో రాసి ఉంటుంది. పెద్ద పొట్లం సాధారణంగా ఒక లీటరుకు. కాచి చల్లార్చిన నీళ్ళలో పొట్లం మొత్తం ఒకేసారి కలపండి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తగా కలపండి.
- పొట్లం దొరకకపోతే ఒక లీటరు నీళ్ళలో సమంగా కొలిచిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు వేసి కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కన్నీళ్ళకంటె ఉప్పగా ఉండకూడదు.
- రెండేళ్ళలోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత పావు కప్పునుంచి అర కప్పు వరకు, పెద్ద పిల్లలకు అర కప్పునుంచి ఒక కప్పు వరకు పట్టించండి. పెద్దలు తాగగలిగినంత తాగవచ్చు.
- వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచా చెంచాగా పట్టించండి. వాంతి అయిందని మానకండి.
- తల్లిపాలు ఆపకండి. గంజి, మజ్జిగ, మెత్తని అన్నం పెట్టవచ్చు. లంఖణం వద్దు.
- పిల్లలకు జింకు మందు 14 రోజులు ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో మేము చెబుతాము.
- విరేచనాలు ఆపే బిళ్ళలు పిల్లలకు వేయకండి. యాంటీబయాటిక్ డాక్టరు చెప్పనిదే కొనకండి.

కొనేటప్పుడు పేరు చూసి మోసపోకండి. చక్కెర ఎక్కువగా ఉండే పండ్లరసం డబ్బాలమీద కూడా ఓ.ఆర్.ఎస్. అని రాసి అమ్ముతూ వచ్చారు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దానిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన తూకం లేని పానీయాలమీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

కళ్ళు గుంటలు పడితే, ఆరు గంటలుగా మూత్రం రాకపోతే, మత్తుగా ఉంటే, తాగినదంతా కక్కేస్తుంటే, విరేచనంలో రక్తం కనబడితే, జ్వరం తీవ్రంగా ఉంటే ఇంట్లో ఆగకుండా వెంటనే రండి. పసిబిడ్డలు, గర్భిణులు, ముసలివారు ఇంకా ముందే రావాలి. దారిలో కూడా నీళ్ళు పట్టిస్తూనే తీసుకురండి.

మన విందుల సంగతి

పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు, క్రిస్మసుకు మన సంఘాల్లో పెద్ద పెద్ద డేగిశాల్లో వండుతాము. దేవుని పేరున పదిమందికి పెట్టడం మంచి పనే. అయితే పెద్ద గిన్నెలో కూర నెమ్మదిగా చల్లారుతుంది. ఆ గోరువెచ్చదనంలోనే క్రిములు పెరుగుతాయి. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచకండి. మిగిలినది లోతు తక్కువ పళ్ళాల్లోకి తీసి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే ఆ పూటే పంచేయండి. పచ్చి కోడిమాంసం కోసిన కత్తితో, పీటతో ఉల్లిపాయలు, కొత్తిమీర కోయకండి. చేతిమీద పుండు ఉన్నవారు, విరేచనాలు అవుతున్నవారు ఆ రోజు వంటకు దూరంగా ఉండండి. వడ్డనకు సరే అని పెద్దలు మొహమాటపడవద్దు, వడ్డనకు కూడా వద్దు. "పారేస్తే పాపం" అని పిల్లలకు మిగిలినది పెట్టడంకంటె, వండేటప్పుడే లెక్క చూసుకొని వండడం మేలు.

మా మనవి

చివరగా ఒక మాట. ఇది మాకు మేము చెప్పుకుంటున్నది కూడా. ఆ నాయనమ్మ నిజం చెప్పింది. మేము కోప్పడ్డాము. వార్డులో మిగతా తల్లులు అంతా విన్నారు. ఆ తరువాత ఎంతమంది "ఏమీ ఇవ్వలేదు సిస్టర్" అని దాచి ఉంటారో మాకు తెలియదు. పసరు, మట్టి, బూడిద, పక్కవీధి డాక్టరు ఇచ్చిన బిళ్ళ, ఏది ఇచ్చినా మాకు తెలిస్తేనే సరైన వైద్యం చేయగలము. మేము కోప్పడితే మీరు దాస్తారు. మీరు దాస్తే పిల్లవాడికి నష్టం. కనుక ఇకమీదట మా వార్డులో ఎవరినీ ఈ విషయంలో కోప్పడకూడదని సిస్టర్లందరమూ కూర్చొని అనుకున్నాము. ఎవరైనా మాట తప్పితే మా ఆఫీసుకు వచ్చి చెప్పండి.

మీరు కూడా మాకు ఒక మాట ఇవ్వండి. ఫోనులో ఏ వైద్యం సంగతి వచ్చినా, చేసేముందు ఓ.పి.లో ఉన్న సిస్టరును అడగండి. దానికి చీటీ అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. అది సగం నిజమో, పూర్తి నిజమో తెలిసినంతవరకు చెబుతాము. ప్రతి ఇంట్లో, బైబిలు పెట్టుకునే అలమరలోనే రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు కూడా పెట్టుకోండి. అర్ధరాత్రి వెతుక్కోనక్కరలేదు.

ఆ నాయనమ్మ మొన్న టీకా రోజున మనవడిని తీసుకొని వచ్చింది. వాడు చెయ్యి విడిపించుకొని వరండాలో పరుగులు పెడుతున్నాడు. "మట్టిలో ఆడుతున్నాడు సిస్టరమ్మా, పర్వాలేదా?" అని నవ్వుతూ అడిగింది. ఆడనివ్వండమ్మా, ఆడి వచ్చాక సబ్బుతో చేతులు కడగండి అన్నాము.

దేవుడు మీ ఇళ్ళనూ మీ పిల్లలనూ కాపాడును గాక.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్, సిస్టర్లందరి తరఫున